అన్నంతో వైరమెందుకు?

తోట్లవల్లూరు కృష్ణ ఎడమగట్టున, కరకట్టకు చేరువగా ఉన్న ఊరు. లంకభూములలో కంద, పసుపు, అరటి. కాలువల క్రింద వరి. ఉయ్యూరు చక్కెర కర్మాగారాన్ని నమ్ముకొని ఏండ్ల తరబడి వేసిన చెరకు. అక్కడినుండి తూర్పున గుడివాడకు పోయినా, ఆగ్నేయాన బందరుకు పోయినా, దక్షిణాన దివిసీమలోకి దిగినా, త్రోవ పొడవునా కనిపించేది వరిచేనే. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాలు గింజకు మొగంవాచి, ఊళ్ళకు ఊళ్ళు పాడుపడినవి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తి అయిన తరువాత గాని ఈ డెల్టాకు అన్నం విషయంలో ధైర్యం కలుగలేదు. అందుకే ఇక్కడ మెతుకు కాలికి తగిలితే కళ్ళకద్దుకొంటారు. ఇంటికి వచ్చినవారిని ముందుగా అడిగేది "భోజనం చేశారా?" అనే.

అటువంటి సీమలో ఒక గృహిణి పళ్ళెం ముందు కూర్చుండి, అన్నాన్ని పగవానిని చూసినట్లు చూడవలసి రావడం చిన్న విషయం కాదు. బరువు తగ్గాలని పూనుకొన్నవారి ఇండ్లలో నేడు జరుగుతున్నది అదే. మా కార్యాలయానికి వచ్చే ఉత్తరాలలో బొబ్బట్లు మెత్తగా రావడానికి చిట్కా అడిగే చేవ్రాలే, మరుసటి వారం ఒళ్ళు తగ్గే ఉపాయం చెప్పమని అడుగుతూ ఉంటుంది. ఇందులో నవ్వవలసినది ఏమీ లేదు. ఆ రెండు కోరికలూ న్యాయమైనవే. ఆ రెండింటికీ ఒకే వంటింట్లో చోటు ఉన్నదా అన్నదే ప్రశ్న.

ముందుగా, బరువు ఎక్కడినుండి వచ్చిందో చూద్దాము. 2019–21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడవ వంతుకు మించినవారు ఉండవలసినదానికంటే ఎక్కువ బరువు ఉన్నారు. వీరందరూ తిండిపోతులు కారు. మన పెద్దల పళ్ళెం నాట్లు వేసి, కోతలు కోసి, కుప్పలు నూర్చి, చెరకు కొట్టి, సంతకు నడచి వెళ్ళిన శరీరానికి కొలిచి పెట్టినది. ఆ పనులలో చాలా భాగాన్ని ఈనాడు యంత్రం చేస్తున్నది. వరికోత యంత్రం చేలోకి దిగితే ఒక గుంపు మనుషుల పని కొద్ది గంటలలో ముగుస్తున్నది. సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చినది. రోలు పోయి మిక్సీ వచ్చినది. పని మారినది గాని పళ్ళెం మారలేదు. పైగా దంపుడు బియ్యం పోయి, తెల్లగా పాలిషు పట్టిన సన్నబియ్యం వచ్చినది. నూనె కొలిచి పోసే గరిటె పోయి, వంచి పోసే ప్యాకెట్టు వచ్చినది. దీనికి తోడు సాయంకాలం టీవీ ముందు జంతికల డబ్బా! నేరం ఒక్క అన్నం మీదనే మోపడం న్యాయం కాదని మా అభిప్రాయం.

అయినా నేరం మోపడానికి ఒక పదార్థం దొరికితే మనస్సుకు సుఖంగా ఉంటుంది గదా! మన ప్రాంతంలోనే కొన్ని ఏండ్లుగా ఎన్ని మతాలు వచ్చినవో గమనించండి. కృష్ణ ఒడ్డున ఉండవల్లి కరకట్ట మీద ఆరోగ్యాలయం నెలకొల్పిన డాక్టరు మంతెన సత్యనారాయణరాజు గారి ప్రకృతి విధానంలో ఉప్పు, నూనె, పంచదార లేని వంట ప్రధానం. 2017–18 ప్రాంతంలో వాడవాడలా మారుమ్రోగిన వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతిలో అన్నం, పప్పు, పండు మానివేసి, రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా కొబ్బరినూనె వంటి క్రొవ్వు తీసుకోవాలి. నిమ్మకాయలు, విటమిను మాత్రలు, బిందెడు నీరు దానికి తోడు. దాని మీద వైద్యులలో పెద్ద వాదమే నడచినది. మైసూరు నుండి డాక్టరు ఖాదర్ వలీ గారి సిరిధాన్యాల బోధ వచ్చినది. కొర్రలు, అరికలు, సామలు, ఊదలు, అండుకొర్రలు మన అంగళ్ళలోకి తిరిగి వచ్చినవి. ఒకరి దృష్టిలో నూనె విషమైతే, మరొకరి దృష్టిలో అదే ఔషధం! ఒకే ఇంట్లో ఒకే అలమరలో నూనె డబ్బా ఏడాదికొకసారి పైఅరకూ క్రింది అరకూ మారుతూ వచ్చినది.

ఈ పద్ధతులను ఇక్కడ తూచి తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. వీటిలో ప్రతిదానితోనూ బరువు తగ్గినవారు ఉన్నారు. ఏ పద్ధతిలోనైనా మొత్తం మీద తినేది తగ్గితే కొన్ని వారాలు బరువు తగ్గడం సహజం. మేము అడిగే ప్రశ్న వేరు: పద్ధతి ముగిసిన మరునాడు ఆ ఇంట్లో ఏమి వండుకొన్నారు? మూడు నెలలు అన్నం ముట్టనివారు నాలుగవ నెలలో పెండ్లి భోజనానికి కూర్చుంటే ఏమి జరిగినది? ఇక్కడ కథ కడుపు నుండి మనస్సుకు మారుతున్నది. దీని మీద శాస్త్రజ్ఞులు చాలా కాలంగా పరిశోధిస్తున్నారు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసే రోజులలో, 1944–45లో, అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను పరీక్షకు తీసుకొన్నాడు. వారు యుద్ధం చేయడానికి మనస్సాక్షి ఒప్పక, దానికి మారుగా ఈ సేవకు తమంత తాము ముందుకు వచ్చినవారు. యుద్ధంలో ఆకలికి గురి అయినవారిని తిరిగి ఎట్లా పోషించాలో తెలుసుకోవడం పరీక్ష లక్ష్యం. 24 వారాలు వారికి సగటున రోజుకు సుమారు 1,570 కెలోరీల ఆహారమే ఇచ్చి, వారానికి ఇన్ని మైళ్ళని నడిపించినారు. వారి బరువు దాదాపు నాలుగవ వంతు తగ్గినది. తగ్గిన బరువుకంటే విచిత్రమైనది వారి మనస్సులలో కలిగిన మార్పు. ప్రేమ, రాజకీయం, చదువు అన్నీ వెనుకకు పోయి, పగలంతా తిండిని గురించిన తలపే మిగిలినది. వంటల పుస్తకాలు సేకరించి, కథల పుస్తకాలవలె చదివినారు. పళ్ళేలు నాకినారు. పెట్టిన కొద్ది తిండిని గంటల తరబడి నంజుకొంటూ తిన్నారు. కొందరు నియమం తప్పి దొంగచాటుగా తిని, తరువాత కుమిలిపోయినారు. పరీక్ష ముగిసి కావలసినంత పెట్టిన తరువాత కూడ చాలామందికి ఎంత తిన్నా కడుపు నిండినట్లు తోచలేదు. ఈ సంగతులన్నీ 1950లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చయినవి.

వారు నిగ్రహం లేనివారు కారు. తమ నమ్మకం కోసం లోకాన్ని ఎదిరించి నిలిచిన మనుషులు. ఆకలికి మాడిన దేహం మనస్సును అట్లా లాగుతుంది. ఈనాడు "నాకు నోటి మీద అదుపు లేదు" అని తనను తాను తిట్టుకొనే గృహిణి ఈ 36 మందినీ జ్ఞాపకం చేసుకోవలె. ద్రవాహారం పేర కొందరు పాటించే పథ్యాలు ఆ యువకులకు ఇచ్చినదానికంటే కూడ తక్కువే.

దేహం ఈ సంగతిని త్వరగా మరచిపోదు. 2011లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ పరిశోధకులు పది వారాల కఠిన పథ్యంతో బరువు తగ్గినవారి రక్తాన్ని ఏడాది తరువాత పరీక్షించి చూస్తే, ఆకలిని రేపే హార్మోను అప్పటికీ ఎక్కువగానే ఉన్నది. కడుపు నిండిందని చెప్పే హార్మోనులు కొన్ని తక్కువగానే ఉన్నవి. అంటే తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి శరీరం ఏడాది పాటు తలుపు తడుతూనే ఉన్నదన్నమాట. దానిని ఎదిరించడానికి తిట్లు చాలవు. పథ్యం నెమ్మదిగా, ఆకలి తీరేటట్లు ఉండవలె.

ఇంకొక సంగతి. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే ఇద్దరు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థినులకు ముందుగా పాలతో చేసిన తీపి పానీయం ఇచ్చి, ఆ తరువాత రుచి చూడమని ఐస్‌క్రీములు పెట్టినారు. సాధారణంగా తినేవారు ముందే కడుపులో పడినది గనుక ఐస్‌క్రీము తక్కువ తిన్నారు. ఎప్పుడూ లెక్కపెట్టుకొని కడుపు కట్టుకొనేవారు మాత్రం పానీయం త్రాగిన తరువాతనే ఎక్కువ తిన్నారు! "ఈ రోజు నియమం ఎట్లాగూ చెడినది, ఇంకేమి మిగిలినది" అన్న భావం వారిని అట్లా నడిపినది. మన ఇండ్లలో దీనికి పరిశోధనశాల అక్కరలేదు. ఒక బందరు లడ్డు తిన్నందుకు తనను తాను శపించుకొని, ఆ కోపంలో మిగిలిన మూడూ తిని, "రేపు సోమవారం నుండి మొదలు పెడతాను" అనుకోవడం మనకు తెలియనిది కాదు. ఆ మూడు లడ్డులను తినిపించినది మొదటి లడ్డు కాదు, అది పాపమన్న తలపు.

మరి మన పెద్దలు ఏకాదశి నాడు, కార్తిక సోమవారం నాడు ఉపవాసం ఉండలేదా అని అడుగవచ్చును. ఉన్నారు. అయితే ఆ ఉపవాసానికి ఒక మొదలు, ఒక తుద ఉన్నవి. ద్వాదశి పారణ ఉన్నది. నక్షత్రం చూసి భోజనం ఉన్నది. అన్నం మీద ద్వేషంతో చేసేది కాదు అది. అన్నాన్ని గౌరవించేవారే ఒక పూట మానుకొంటారు. మొన్న ఎక్కువ తిన్నాననే కసితో ఈ రోజు మాడ్చుకోవడం వ్రతం కాదు, శిక్ష. దానికి పారణ లేదు.

ఇక పళ్ళెం దగ్గరకు వస్తాము. తెలుగు భోజనానికి ఒక వరుస ఉన్నది: మొదట పచ్చడితోనో పొడితోనో ముద్ద, దానిపై నెయ్యి, తరువాత పప్పు, తరువాత కూర, తరువాత పులుసో చారో, చివర పెరుగు. ఈ వరుసలో దోషం లేదు. చిక్కు ఎక్కడ ఉన్నదంటే, ప్రతి అంగానికీ అన్నం కొత్తగా కావలె. ఆవకాయకు ఒక చేయి, పప్పుకు రెండు, కూర రుచిగా ఉన్నదని ఇంకొకటి, చారుకు తప్పదు, పెరుగుకు "కొంచెమే" అంటూ మారు వడ్డన. కూర మాత్రం అన్నానికి నంజుడుగా చెంచాలకొద్దీ ఉంటుంది. అన్నాన్ని బహిష్కరించకుండానే దీనిని సరిదిద్దవచ్చును. వరుస అట్లాగే ఉండనీయండి. ఐదు అంగాలూ ఉండనీయండి. అన్నం మాత్రం మొదటనే ఒకసారి వడ్డించుకొని, దానినే ఐదు పాళ్ళు చేసుకోండి. కూర రెండింతలు వండండి. ఇన్నాళ్ళూ అన్నంలో కూర కలుపుకొన్నాము. ఇకపై కూరలో అన్నం కలుపుకొనేటట్లు ఉండవలె. ముద్దపప్పు గరిటెడు ఎక్కువైనా మంచిదే. లంకల నుండి వచ్చే అరటిపువ్వు, అరటిదూట, పొట్లకాయ, ఆనపకాయ, బచ్చలి, గోంగూర ఉన్న ఊరివారికి కూరలు ఎక్కడ దొరుకుతవి అని మేము చెప్పనక్కరలేదు. కంద విషయంలో మాత్రం ఒక మాట: అది దుంప కాబట్టి, కందబచ్చలి చేసుకొన్ననాడు అన్నం మరికొంత తగ్గించుకోవలె. చేప, గ్రుడ్డు తినేవారికి దివిసీమ చెరువులూ కాలువలూ అండగా ఉన్నవి. పులుసు పెట్టుకొంటే నూనె తక్కువతో పోతుంది, వేపుడంటే పోదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో చెప్పినది కూడ ఇంచుమించు ఇదే. రోజుకు 2,000 కెలోరీలు కావలసినవారికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. ఇవి వండక ముందు తూకాలు. చూశారా, పట్టికలో బియ్యం ఉన్నది! కూరగాయల తూకం బియ్యానికి ఒకటిన్నర రెట్లున్నది. మన ఇండ్లలో తలక్రిందులైనది అదే. నూనె సంగతి కూడ గమనించండి. గ్రాము నూనెకు 9 కెలోరీలు. ఒక పెద్ద చెంచాడు ఎక్కువ పోస్తే, గరిటెడు అన్నానికి సమానమైన శక్తి ఎవరికీ కనపడకుండా కూరలోకి పోయినట్లే.

ఈ సంస్థకూ మన వరినేలకూ పాత చుట్టరికం ఉన్నది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశీలన కోసం ప్రారంభించిన చిన్న ప్రయోగశాలయే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆ బెరిబెరి ఆనాడు ఉత్తర సర్కారులలో, అంటే మన కోస్తా జిల్లాలలో, పాలిషు బియ్యం ఎక్కువగా తినేవారిని పీడించిన జబ్బు. తవుడు పోయిన బియ్యంతో వచ్చిన చిక్కు మనకు నిన్నటిది కాదు. దంపుడు బియ్యం రుచించేవారు అది వండుకోవచ్చును. రుచించనివారు దానిని బలవంతంగా మ్రింగనక్కరలేదు. పరిమాణం తగ్గించుకొంటే చాలును.

ఎంత తగ్గవలె? కిలోలలో బరువును మీటర్లలో ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే వచ్చే అంకె 23 దాటితే భారతీయులకు అధికబరువు అనీ, 25 దాటితే స్థూలకాయం అనీ మన వైద్యులు లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు మించరాదు. 70 కిలోలున్న స్త్రీ మూడున్నర కిలోలు తగ్గినా, అంటే నూటికి ఐదు పాళ్ళు తగ్గినా, రక్తపుపోటుకూ చక్కెరకూ మేలు కనిపిస్తుంది. వారానికి అరకిలో చొప్పున అది ఏడు వారాల పని. పెండ్లికూతురి పాత ఫొటోతో పోల్చుకొని ఇరవై కిలోలు లెక్క వేసుకొన్నవారికి ఇది అల్పంగా తోస్తుంది. డాక్టరుకు తోచదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పక తప్పదు. చక్కెర వ్యాధికి ఇన్సులిను గాని కొన్ని రకాల మాత్రలు గాని వాడుతున్నవారు వైద్యుని అడగకుండా ఒక్కసారిగా అన్నం మానివేస్తే, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి స్పృహ తప్పవచ్చును. మరికొందరు పథ్యాన్ని నమ్ముకొని మందులే మానుతున్నారు. ఇది ఇంకా ప్రమాదం. గర్భవతులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఇరుగుపొరుగు చెప్పిన పద్ధతి పట్టరాదు. పదిహేనేండ్ల పిల్ల అందరితో కూర్చుని తినడం మానివేసినా, తిన్న వెంటనే వాంతి చేసుకొంటున్నా, రాత్రిపూట దాచుకొని తింటున్నా, అది కొంటెతనం కాదు, వ్యాధి కావచ్చును. దానికి వైద్యం ఉన్నది. మందలించక తీసుకొని వెళ్ళండి.

ఆ పిల్ల అట్లా కావడంలో మన మాటల పాలు కొంత ఉండవచ్చునని కూడ అనుమానించవలె. గడపలో అడుగుపెట్టగానే "ఒళ్ళు చేశావేమే!" అనీ, "ఇట్లా చిక్కిపోయినావేమి, మీ అత్తగారు పెట్టడం లేదా?" అనీ పలుకరించడం మన సీమలో ఆప్యాయత క్రింద చెల్లుతున్నది. ఆ మాట అన్నవారే అర్ధగంటలో నేతి గిన్నె పట్టుకొని "మా ఇంట్లో ఏమీ తినలేదు" అని కొసరుతారు. వద్దన్న అతిథి గర్విష్ఠి అవుతాడు. వద్దనలేనివాడు రోగి అవుతాడు! విస్తరి మీద చేయి అడ్డం పెడితే వడ్డించేవారు ఆగడం కూడ మర్యాదలో భాగమని పెద్దలు ఇంట్లో ఒకసారి తేల్చి చెబితే, పిన్నలకు ఎంతో సులువవుతుంది. "పిన్నిగారూ, పులిహోర బ్రహ్మాండంగా ఉన్నది, సాయంత్రం తింటాను, కొంచెం కట్టి ఇవ్వండి" అనడం ఒక మార్గం. మేము చూసినంతలో దానికి కోపగించుకొన్నవారు లేరు.

గృహిణి సంగతి వేరు. ఆమె అందరికీ వడ్డించి, మూడు గంటలకు, అలసటతో, గిన్నె అడుగున మిగిలినది "పారవేయడమెందుకు" అని తాను తింటుంది. అది ఆకలికి తిన్నది కాదు, గిన్నె కడగడానికి తిన్నది. అప్పటికి ఆకలి చచ్చి, తల తిరుగుతూ ఉండడంతో ఎంత తిన్నదో ఆమెకే తెలియదు. ఆమె బరువు తగ్గించే మొదటి ఉపాయం పథ్యం కాదు. పన్నెండున్నరకు అందరితో పాటు ఆమెకూ ఒక పీట వేయడం. ఎవరికి కావలసినది వారు వడ్డించుకోగలరు. మగపిల్లలకు కూడ చేతులున్నవి. మిగిలిన కూర రాత్రికి ఉంచవచ్చును, లేదా రేపు ఒక గరిటె తక్కువ వండవచ్చును.

ఆకలికీ నాలుకకూ తేడా కనుగొనడానికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. సాయంకాలం ఏదో తినాలనిపించినప్పుడు "మజ్జిగన్నమైనా సరేనా?" అని అడుగుకోండి. సరేననిపిస్తే అది ఆకలి, తప్పక తినవలె. జంతికే కావాలనిపిస్తే అది నాలుక, లేక విసుగు, లేక దిగులు. నాలుక అడిగినంత మాత్రాన నేరం కాదు. డబ్బా ఒడిలో పెట్టుకోక, రెండు జంతికలు పళ్ళెంలో పెట్టుకొని, కూర్చుండి, టీవీ ఆపి, రుచి తెలిసేటట్లు తినండి. మూడవది కావాలో అక్కరలేదో అప్పుడు తెలుస్తుంది. దిగులైతే జంతికతో తీరదు గనుక, రేడియో పెట్టుకోవచ్చును అని మేమంటే స్వార్థమనుకొంటారేమో! పోనీ, కరకట్ట మీద చల్లబాటు వేళ అరగంట నడచి రండి.

సంక్రాంతికి అరిసెలు వండుతారు, వండవలె. పండుగ నాడు రెండు అరిసెలు అందరితో కూర్చుండి సంతోషంగా తిని, మరునాడు ఉదయం మామూలు వేళకు మామూలుగా ఇడ్లీయో పెసరట్టో తినండి. ఆ పూట మానివేసి లెక్క సరిచేయబోతే, మధ్యాహ్నానికి అరిసెల డబ్బా మూత మళ్ళీ తెరచుకొంటుంది.